తలుపు ఎందుకు తిరగదు

రాయదుర్గంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా టీమ్ లీడ్ ఉద్యోగం పోయాక, ప్రగతి నగర్‌లోని ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి డెమో క్లాసుకు వెళ్లాను. డెమో నచ్చితేనే ఉద్యోగం. అప్పటికి ఇల్లు నడుస్తున్నది నర్సుగా చేసే నా భార్య జీతంతోనే. ముందురోజు పడకగది తలుపు చూపిస్తూ ఆమెకు టార్క్, అంటే తిప్పే బలం, పాఠమంతా చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి, ఆవలింతలు ఆపుకుంటూ విన్నది. "మస్తు చెప్తున్నవ్" అంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఊరికే అన్నారా!

క్లాసులో ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చున్నాడు. బోర్డు మీద తలుపు గీశాను. కీలు నుంచి చెయ్యి పెట్టిన చోటికి దూరం 0.8 మీటర్లు, బలం 20 న్యూటన్లు. తలుపుకు లంబంగా తోస్తే టార్క్ 16 న్యూటన్ మీటర్లు. ముప్పై డిగ్రీల కోణంలో తోస్తే అందులో సగం, ఎనిమిది. తిన్నగా కీలు వైపే తోస్తే సున్నా. లెక్క ఎక్కడా తప్పలేదు.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "సార్, బలం ఉంది, దూరం ఉంది. మరి కీలు దిక్కు నూకితే ఎందుకు తిరగదు?"

"గుడ్ క్వశ్చన్. ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అన్నాను. తర్వాత విడిగా అని అర్థం; ఆఫీసు మీటింగుల్లో జవాబు తెలియనప్పుడల్లా మేం అనే మాటే అది. అక్కడ ఎవరూ మళ్లీ అడగరు.

క్లాసు గొల్లుమంది. ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. "అమ్మాయి ఇప్పుడే అడిగిందండి. ఇప్పుడే చెప్పండి."

కోణం సున్నా కాబట్టి సైన్ సున్నా, టార్క్ సున్నా అన్నాను. "అది తెలుసు సార్. ఎందుకు?" అంది. ఒళ్లు మండింది. "సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అన్నాను. ఉందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల తల వంచుకుని కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి, పడకగది తలుపు సగం తెరిచి, అంచు మీద అరచెయ్యి ఆనించి కీలు వైపు తోశాను. బలమంతా నేరుగా కీలు మీదికే పోతోంది. తలుపును పక్కకు తిప్పడానికి ఏమీ మిగలడం లేదు. ఇంతే సంగతి! "రామ్మా, తోసి చూద్దాం" అంటే సరిపోయేది. ఆ క్లాసురూముకూ తలుపు ఉంది.

"డెమో ఎట్లైంది?" వంటింట్లోంచి అడిగింది నా భార్య.

"తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె బయటికొచ్చి నా ముఖం చూసింది. ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆదివారం చర్చికి పోవాలని అడిగి తీసుకున్న సెలవు ఇక వద్దని, తనకు డ్యూటీ వెయ్యమని చెప్పింది.