రాహుకాలంలో వేసిన పెసలు

మా విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విద్య చదివేవాళ్లు చివరి ఏడాది ఏదో ఒక బడిలో పాఠాలు చెప్పి తీరాలి. వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేయడం నా పని. ఆ ఏడు నాకు అప్పగించిన అమ్మాయి రైతుబిడ్డ, బౌద్ధనగర్‌లో గది తీసుకుని ఉండేది. తార్నాక బడిలో ఎనిమిదో తరగతికి చెప్పే ఆఖరి పాఠం చెడితే ఆమెకు మరో ఏడాది పోతుంది.

పాఠం విత్తనాల మొలక గురించి. అందులో రాహుకాలాన్ని దూర్చింది మాత్రం నేనే. మూఢనమ్మకం కనబడితే ఊరుకోలేను. రెండు ట్రేల ఇసుకలో పెసలు వేయించాను, ఒకటి రాహుకాలంలో, ఇంకొకటి పంచాంగం మెచ్చిన వేళలో. ఆమె వాటికి చీటీలు అంటించి, నీళ్లు పోసే బాధ్యత పిల్లలకే ఇచ్చింది.

"వాళ్లకూ లీడర్‌షిప్ రావాలె గద మేడం" అంది.

ఆఖరి పాఠం నాటికి రాహుకాలపు పెసలు కళకళలాడుతున్నాయి. ముహూర్తపు పెసలు సగం మొలవనే లేదు, మొలిచినవి తలలు వేలాడేశాయి. రెండూ సమానంగా మొలుస్తాయనుకున్నానే గానీ, పంచాంగం ఇంత చిత్తుగా ఓడుతుందని నేనూ ఆశించలేదు. ఇక ముగించమని వెనకనుంచి సైగ చేశాను.

ఆమె ముగించలేదు. ఇసుకలో వేలు పెట్టి చూసింది.

"గిది ఇట్ల ఎండిందేంది? నీళ్లు పొయ్యలేదా?"

నీళ్ల జట్టు లీడరు పిల్ల లేచింది. "దానికి మంచి టైం ఉన్నది గద టీచర్, ఎట్లైనా మొలుస్తది. పాపం, రాహుకాలం దానికే రోజూ పోసినం."

క్లాసంతా అవునని తలూపింది.

"మరి ఎవరు గెలిచిన్రు?"

"నీళ్లు!" అని అరిచాడొకడు.

"రాహుకాలం సంగతి తెలిసిందా?"

"తెల్వలే టీచర్."

నేను పట్టుబట్టి రాయించిన పాఠం లక్ష్యం అక్కడే కూలింది. ఆమె నావంక చూడకుండా, ఎట్ల చేస్తే తెలుస్తదని పిల్లల్నే అడిగింది. కాసేపు కొట్లాడుకున్నారు. చివరికి లీడరే తేల్చింది.

"చీటీలు మూసెయ్యాలె. ఏది ఏదో పోసెటోళ్లకు తెల్వద్దు. రెండిట్లకు ఒక్కటే గిలాసతోటి పొయ్యాలె."

ఎన్నో వేదికల మీద పంచాంగాన్ని మట్టికరిపించిన నాకు, చీటీలు మూయాలన్న ఆలోచనే రాలేదు.

బయటికొచ్చాక ఆమె నా చేతిలోని మార్కుల కాగితం వంక చూసింది. "పోయిందా మేడం?"

"ఓడించమంటే పంచాంగాన్ని కాపాడి వచ్చావు. మార్కులెలా వెయ్యనమ్మా?"

"ఏదీ అడగకుండ నమ్మొద్దని మీరే అన్నరు గద!"

అనడమైతే అన్నాను. నిండుగా మార్కులు వేసి కాగితం చూపించాను. సంతోషిస్తుందనుకుంటే, "శుక్రవారం మళ్ల పెసలు తెస్త, మీరొస్తరా?" అంది.

"నీ ప్రాక్టీసు అయిపోయింది కదా."

"పిల్లలది కాలే గద మేడం."

శుక్రవారం మేమిద్దరమే ఒక ట్రేలో రాహుకాలంలో, ఇంకోదాంట్లో మంచి వేళలో విత్తి, చీటీలు మూసి పిల్లలకు ఇచ్చాం. గిలాస అందుకోబోతే లీడరు పిల్ల నాకు అడ్డం నిలబడింది.

"ఏది ఏదో మీకు తెలుసు గద మేడం. మీరు గాడ కూసోండి."

వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.