ఒక చెవి అరగదీసిన బల్బు

మా లారీల అడ్డాలో లైట్లన్నయ్య దగ్గర హెడ్‌లైటు బల్బు కొనడమంటే పరీక్షకి కూర్చున్నట్టే. అడిగింది ఇవ్వడు. ముందు బండి ముక్కు షెడ్డు వెనక గోడకేసి తిప్పమంటాడు. పట్టపగలే షట్టరు దించేస్తాడు. గోడమీద సుద్దతో గీసిన అడ్డగీత ఒకటుంది. డిమ్ వేస్తే వెలుగు ఆ గీత దాటకూడదు. దాటిందా, సరిచేసేదాకా బండిని కదలనివ్వడు.

"ఎదురొచ్చేవాడికీ కళ్ళుంటాయి నాయనా," అనేవాడు.

"బల్బుల కొట్టు పెట్టి చీకటి అమ్ముతున్నాడమ్మా మీ అన్నయ్య," అని వదిన నా దగ్గర వాపోయేది. పక్కనే మాది టైర్ల కొట్టు, ఆ ఇంటి గుట్టుమట్లన్నీ నాకు తెలుసనే అనుకునేదాన్ని. ఇనుము అరగదీసే ఆకురాయి ఒక్కటీ ఆ షెడ్డులో ఎందుకుండదో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నిమ్మళం వచ్చాడు. గాజు పలకలు తోలే డ్రైవరు. కొంప అంటుకున్నా చెప్పులు వెతుక్కుని గాని లేవడు, అందుకే ఆ పేరు. అలాంటివాడు ఆ రోజు చెప్పులు బండిలోనే వదిలేసి దిగొచ్చాడు. అట్టపెట్టె ఒకటి బల్లమీద పెట్టాడు.

"వంద వాట్లవన్నా. పాలలాగా తెల్లగా వెలుగుతాయంట. బిగించు."

"తెలుపు కంటికి బాగుంటుందిరా, రోడ్డుకి కాదు. దుమ్ములో, మంచులో నీ వెలుగే వెనక్కొచ్చి నీ మొహాన కొడుతుంది. పసుపు లైటైతే గుంట చూపిస్తుంది. వైర్లు లావువి వేసి, బ్యాటరీ కరెంటు నేరుగా అందేలా రిలే పెడతాను, ఉన్న బల్బే నువ్వు గుర్తుపట్టలేనంత వెలుగుతుంది."

"నేను చూడాల్సింది గుంటల్ని కాదన్నా. మనిషిని."

లైట్లన్నయ్య నవ్వాడు. "ఎవరురా ఆ మహాతల్లి?"

"ఆడమనిషే. నీకెలా తెలిసింది?" అని నిమ్మళం స్టూలు లాక్కున్నాడు. "క్వారీ మలుపులో. పొద్దుగూకేవేళ లైట్లు వేస్తానా, రోడ్డు వార నిలబడి ఉంటుంది. మోచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని. నా లైటేదో ఆవిడ కళ్ళలో గుచ్చుకుంటున్నట్టు. బ్రేకు కొట్టి దిగితే ఎవరూ ఉండరు. ఆ బ్రేకులకి ఇప్పటికి రెండుసార్లు లోడులో గాజు పగిలింది. మూడోసారి పగిలితే తాళాలు బల్లమీద పెట్టి పొమ్మన్నాడు ఓనరు. గట్టి లైటు పడితే అది మనిషో, పొదో, నా కంటి పొరో తేలిపోతుంది."

లైట్లన్నయ్య మొహంలో నవ్వు పోయింది. బల్బు తీసి హోల్డరులో పెట్టి చూశాడు. అది గాడిలో కూర్చోలేదు. బల్బు అంచుకి మూడు రేకు చెవులుంటాయి, ఏది ఏ గాడిలో పడాలో అదే పడాలి. దీనికి ఒక చెవి వెడల్పు.

"పట్టదు. తిరిగిచ్చెయ్."

"ఒక చెవి అరగదీస్తే పడుతుందంటన్నా. అమ్మినవాడే చెప్పాడు."

ఆయన వద్దనేలోపే నిమ్మళం తన టూలు పెట్టెలోంచి ఆకురాయి తీసి రెండు రుద్దులు రుద్దాడు. బల్బు కూర్చుంది, కానీ కాస్త పక్కకి తిరిగి. బండి ముక్కు ఎప్పట్లాగే గోడకేసి ఉంది, షట్టరు దించే ఉంది. స్విచ్చి వేశాడు.

వెలుగు సుద్దగీతని దాటి దూలం దాకా ఎగిసింది. ఆ తెల్లటి గోడమీద, వెలుగు మధ్యలో, నల్లగా ఒక నీడ. మనిషంత ఎత్తు. మోచెయ్యి కళ్ళకి అడ్డంగా ఉంది.

"అన్నా, చెయ్యెత్తింది నువ్వేనా?"

"కాదు." ఆయన చేతులు రెండూ బల్లమీదే ఉన్నాయి. లైటుకీ గోడకీ మధ్య ఖాళీ నేల తప్ప ఏమీ లేదు.

నిమ్మళం స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. నీడ పెద్దదయింది. మళ్ళీ ఆపి వేశాడు. ఇంకా పెద్దదయింది. గోడమీద నీడ పెరుగుతోందంటే ఆ మనిషి లైటుకి దగ్గరగా వస్తోందని అర్థం. లైట్లన్నయ్యకి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. మండుతున్న బల్బుని ఉత్త చేత్తో పీకేశాడు. వేళ్ళు కాలిన వాసన వచ్చిందని నిమ్మళం తర్వాత నాకు చెప్పాడు, ఆయన మాత్రం అబ్బా అనలేదు.

ఆ చీకట్లోనే నిమ్మళానికి చెప్పాడు. పదిహేడేళ్ళ కిందట, లారీ తోలే ఆయన తోడల్లుడు ఇలాంటి బల్బులే తెచ్చాడు. ఇలాగే చెవి అరగదీసి బిగించింది లైట్లన్నయ్యే. ఆ సాయంత్రం క్వారీ మలుపులో ఎదురుగా నడిచొస్తున్న ఆడమనిషి కళ్ళలో ఆ వెలుగు పడింది. మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కకి ఒక అడుగు వేసింది. అక్కడ క్వారీ గుంత ఉంది. తోడల్లుడు వచ్చి ఈయన ఒక్కడికే చెప్పాడు, ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు, కొన్నాళ్ళకి చనిపోయాడు. ఊళ్ళో వాళ్ళు ఆమె తనే దూకిందన్నారు.

నిమ్మళం అడిగాడు, "ఆమెకి ఎవరైనా ఉన్నారా అన్నా?"

"చెల్లెలు. క్వారీ ఇళ్ళల్లో ఉంటుంది."

"అయితే నువ్వు బల్బు మార్చినంత మాత్రాన నా ఉద్యోగం నిలబడదు. ఆ చెల్లెలికి నిజం చెప్పాలి."

ఆ సాయంత్రమే పసుపు బల్బులు, లావు వైర్లు, రిలే పెట్టి, గీతకి ఒక వేలు కిందికే వెలుగు దించి, ఇద్దరూ క్వారీ ఇళ్ళకి బయల్దేరారు. వదిన "ఎక్కడికి ఈ వేళప్పుడు" అంటే "బల్బు చూపించడానికి" అన్నాడట. మలుపు వచ్చింది. ఆ ఆడమనిషి అక్కడే ఉంది. లైట్లన్నయ్య తల వంచుకున్నాడు, చూడలేకపోయాడు. బండి ఖాళీగా ఉంది కాబట్టి నిమ్మళం మెల్లగా దాటించాడు.

చెల్లెలు గడపలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఈయన నిలబడే చెప్పాడు, ఒక్క మాటా దాచలేదు. ఆమె చేట కింద పెట్టలేదు.

"ఆ పొద్దున మేమిద్దరం పోట్లాడుకున్నాం," అంది. "నా మాటకే దూకిందన్నారు. నేనూ అదే నమ్మాను. అద్దంలో మొహం చూసుకోవడం కూడా మానేశాను."

"తప్పు నాదమ్మా."

"నీదే. పదిహేడేళ్ళు నా చేత మోయించావు." అప్పుడు చేట కింద పెట్టింది. "క్షమించానని చెప్పించుకోవాలని చూడకు. అది నా దగ్గర లేదు. రేపు ఈ వీధిలో నలుగురి ముందూ ఇదే మాట చెప్పిపో."

చెప్పాడు. నలుగురేమిటి, నలభై మంది ముందు. అందులో నేనూ ఉన్నాను. కొందరు తిట్టారు, ఒకడు మీదికొచ్చాడు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వదిన పది రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారమే నిమ్మళం నిండా గాజుతో ఆ మలుపు దాటాడు. ఒక్క పలక చెదరలేదు. తిన్నగా షెడ్డుకి వచ్చాడు.

"ఉందా?" అన్నాడు లైట్లన్నయ్య.

"ఉంది. చెయ్యి దించేసింది. ఈసారి నావైపు చూడలేదు. వీపు తిప్పి, క్వారీ ఇళ్ళ దాకా రోడ్డు వారనే నా బండి ముందు నడిచింది. నేను వెనకాలే మెల్లగా వెళ్ళాను."

"హారన్ కొట్టావా?"

"ఇంటికెళ్ళే మనిషికి హారనెందుకన్నా," అన్నాడు నిమ్మళం.