ఇశ్రాయేలు పూసిన బురద

ఇశ్రాయేలు చేతిలోంచి ఏ బండీ శుభ్రంగా బయటికి రాదు. కొత్తపేటలో ఆయన ముందుగదిలో తయారయ్యే అరచేతిలో పట్టే బొమ్మ బండ్లన్నిటికీ బురద ఉంటుంది, తుప్పు ఉంటుంది, గీసుకుపోయిన గీతలు ఉంటాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ గీతలు ఉండాల్సిన వైపు ఉండవు, అవతలి వైపు ఉంటాయి. భార్య కాంతమ్మకు ప్రాణం విసిగేది అక్కడే.

ఒకప్పుడు ఆయన ఎల్బీనగర్‌లో లారీల మీద పేర్లు రాసేవాడు. స్టిక్కర్లొచ్చి ఆ పని పోయాక, జనం అమ్ముకున్న బండ్లకు బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఫోన్లో ఫోటో చూపిస్తే చాలు. బండి మీద కూర్చున్న మనిషికి మీసం దగ్గర్నుంచి చొక్కా గుండీ దాకా సన్న బ్రష్‌తో దిద్దుతాడు. ఫోటో కళ్లెదురుగానే ఉంటుంది. గీత మాత్రం తప్పు వైపే పడుతుంది.

"కండ్లు కనవడ్తలేవా ఏందయ్యా? దవాఖానకు పోదాం పా," అనేది కాంతమ్మ.

"కండ్లకేమైంది? సూది తే, దారం ఎక్కిస్త," అనేవాడు. ఒక్కసారికే ఎక్కించేవాడు కూడా.

హయత్‌నగర్‌లో నీళ్ల ట్యాంకర్ నడిపిన ఉపేంద్ర తన ట్యాంకర్ బొమ్మ తీసుకుపోదామని వచ్చి, "గీకింది గీ దిక్కు కాదు గదనే," అన్నాడు. ఏ సందులో గీకిందో, ఎవరి గోడో, ఆ గోడామె ఎన్ని తిట్లు తిట్టిందో చెప్పుకుంటూ కూర్చున్నాడు. రెండు టీలు తాగాడు. అన్నం కూడా తినిపోయాడు. ఇశ్రాయేలు ఆ గీత తుడిచి మళ్లీ గీసేసరికి ఆ రోజు పని అటకెక్కింది. కాంతమ్మ వంకాయకూర కూడా అయిపోయింది.

పోయిన నెల మీర్‌పేట్ నుంచి విజయశ్రీ వచ్చింది. వాళ్ల నాన్న సిద్ధిరాములు పోచంపల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు మోపెడ్ మీద చీరల మూటలు మోసిన మనిషి. బండి నడపొద్దని డాక్టర్ అన్నాక ఆమే దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేసింది.

"అప్పటిసంది నాన్న మాట్లాడుతలేడు అంకుల్. తిన్నవా అంటే ఊఁ, పన్నవా అంటే ఊఁ. నావల్లనే అయ్యింది. కొత్తదాని లెక్క తళతళ చెయ్యండి. చూసి ఒక్క మాటన్నా మాట్లాడుతడేమో."

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు చూసి కాంతమ్మ మనసు కరిగిపోయింది. అందుకే బండి ఇచ్చే రోజు పొద్దున చక్రాలకు బురద, మడ్‌గార్డుకు ఎడమవైపు పొడుగాటి గీత చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. పైన వార్నిష్ కొట్టేదాకా ఆ మురికంతా తడిగుడ్డకే ఊడి వస్తుంది. ఇశ్రాయేలు రైతుబజారుకు పోయి వచ్చేలోగా ఆమె బండిని తుడిచి పెళ్లికొడుకును చేసి పెట్టింది.

ఆయన సంచితో లోపలికి వచ్చేసరికే తండ్రీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. సిద్ధిరాములు బండిని అరచేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఊఁ," అని బల్ల మీద పెట్టేశాడు.

విజయశ్రీ తల వంచుకుంది. ఇశ్రాయేలు భార్య వైపు చూశాడు. కాంతమ్మ తడిగుడ్డను కొంగు చాటుకు లాక్కుంది. ఆయన బ్రష్‌ను తుప్పు రంగులో ముంచి, మడ్‌గార్డుకు ఎడమవైపు నింపాదిగా గీత గీశాడు.

సిద్ధిరాములు కుర్చీలో కదిలాడు. "గటు కాదు."

"ఇటే అన్నా. నాకు మంచిగ యాదికున్నది."

"నీకేం యాదికుంటది? పడ్డది నువ్వా, నేనా? అబ్దుల్లాపూర్‌మెట్ కాడ బర్రె అడ్డమొచ్చింది. మూట బురదల పడొద్దని ఎడమచేత్తోని ఎత్తి పట్టిన. బండి కుడి దిక్కు ఒరిగింది. కుడి మోకాలు పగిలింది. చీరకు మరక గాలే."

"నాన్నా, నాకెప్పుడు చెప్పలేదేంది?" అంది విజయశ్రీ.

"నువ్వెప్పుడన్న అడిగినవా?" అని, ఆయన ఇశ్రాయేలు వైపు తిరిగాడు. "గా బురద గూడ గట్ల నల్లగుండదు. జర ఎర్రగ కలుపు. ఇయ్యాల బండి తీస్కపోను. రేపొచ్చి సూస్త."

వాళ్లు వెళ్లాక కాంతమ్మ ఆయన ఫోన్ తీసి విజయశ్రీ పంపిన మోపెడ్ ఫోటో చూసింది. గీత కుడివైపు, పట్టపగలంత స్పష్టంగా ఉంది.

"నీకు కనవడ్తనే ఉన్నదా?"

"ఆఁ."

"ఇన్నేండ్లసంది?"

"సరిగ్గ గీస్తే మంచిగున్నదని తీస్కపోతరు, కాంతమ్మా. బండి పోయినోళ్లు ఇంటికాడ ఎవల్తోని చెప్పుకుంటరు?"

దవాఖానకు పోదాం పా అని ఎన్నిసార్లు అన్నదో తలుచుకుంటే ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఈ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. లోపలికి పోయి బియ్యం కడిగింది.

మర్నాడు సిద్ధిరాములు ఒక్కడే వచ్చాడు. బురద రంగు కుదిరింది, గీత కుడివైపుకు చేరింది, వంక పెట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఆయన బండి పట్టుకుని లేవబోతుంటే కాంతమ్మ టీ తెచ్చి చేతికిచ్చింది.

"అన్నా, అడుగుదామనుకుంటున్న," అంది అమాయకంగా. "మీ పోచంపల్లి చీరల మీద ఆ పువ్వులన్నీ నేసినంక అచ్చు గుద్దుతరట గదా?"

సిద్ధిరాములు టీ గ్లాసు కింద పెట్టి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"అచ్చు గుద్దుడా? ముందుగాల నూలుకే రంగులు పట్టించి నేస్తరు. ఎవలు చెప్పిన్రమ్మా నీకు? ఇట్ల కూసో."

కాంతమ్మ బుద్ధిగా కూర్చుంది. మధ్యాహ్నానికి ఆయన ఇంకా నూలుకు రంగు పట్టించడం దగ్గరే ఉన్నాడు, మగ్గం దాకా రానేలేదు.