అద్దాలు లేకుండ చదివిన ఆట

దయ్యాలు, గాలి సోకుడు, ఇవన్ని పనిలేనోళ్ల ముచ్చట్లని నేను మొదటి నుంచి అనేదాన్ని. ఇంట్ల సప్పుడైతే ఎలుకో పిల్లో అని చూస్త గని, దిష్టి తీసి నిమ్మకాయ దండుగ చేసే మనిషిని కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మాది శామీర్‌పేట. కొడుకు తుర్కపల్లి కంపెనీలకు క్యాబు నడుపుతుండె. మనుమరాలు మౌనిక అప్పుడు తొమ్మిది చదువుతాంది. చదరంగం ఆడుతది. పోటీలకు పోవుడు, ఆట మొదట్లనే చిక్కువడి ఓడొచ్చుడు. "ఈసారి గూడ గట్లనే వస్తే ఇగ ఆట బంద్" అన్నడు కొడుకు. ఆ దినం నుంచి పిల్ల అన్నం సరిగ తినలే.

వాళ్ల సారు పెద్ద పోటీల ఆటలు రాసున్న జిరాక్సులు ఇచ్చిండు. ఎవరు ఏ ఎత్తు వేసిండ్రో, అన్ని అక్షరాలు, అంకెలే. నేను చదివింది మూడో తరగతి. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పిల్లనే నేర్పింది. సెలవులల్ల మధ్యాహ్నం పూట నేను చదువుతుంటే, అది బోర్డు మీద జరుపుకుంట ఆట ఎట్ల మొదలువెట్టాలో నేర్చుకునేది. 'బి' అంటే శకటు అని చెప్పింది. శకటు అనే చదివేదాన్ని.

ఒకనాడు మబ్బు పట్టింది. కరెంటు పోయింది. చెరువు దిక్కు నుంచి సల్లటి గాలి. కాగితం పట్టుకొని చదువుతున్న. నా గొంతు నాకే యాడనో నీళ్ల అవుతల నుంచి వచ్చినట్టు వినవడుతాంది. మంచిగనే అనిపించింది. ఆపబుద్ధి కాలే.

"అవ్వా, నీకు పరాచికాలు గూడ వస్తయా?" అన్నది మౌనిక. "శకటును ఒంటె అంటున్నవేంది? బంట్లన్ని ఒక్కొక్క ఇల్లే జరుపుమంటున్నవేంది?"

"కాగితంల ఉన్నదే చదువుతున్న. నోరు మూసుకొని ఆడు."

అది తల ఎత్తి చూసింది. "మరి నీ కండ్లద్దాలేవి?"

మొహం తడుముకున్న. అద్దాలు లెవ్వు. పొద్దుగాల వాటి కాడ విరిగితే కొడుకు బాగుచేయించనీకి మేడ్చల్ తీస్కపోయిండు. అవి లేకుంటే నాకు బియ్యంల రాయి కనవడదు. జిరాక్సు అక్షరం యాడ కనవడతది?

పిల్ల కాగితాలన్ని తిరగేసింది. ఆ ఆట ఏ కాగితంలనూ లేదు. "అయినా గీ మొదలు మంచిగుందవ్వా" అని బోర్డు దిక్కే చూసుకుంట కూసుంది.

పోటీల అదే ఆడింది. బంటు ఒక్కిల్లు, దాని ఎనక ఒంటె. ఎదుటి పిల్ల నేర్చుకొచ్చిన ఎత్తులు పనికిరాలేదట. మౌనిక గెలిచొచ్చింది. కొడుకు మళ్ల బంద్ మాట ఎత్తలే.

మా ఇంట్ల శకటును ఒంటె అనేది మా ఇంటాయన ఒక్కడే. ఆయనది పాత పద్ధతి ఆట, బంటు ఎప్పుడైన ఒక్కిల్లే పోవాలె. మౌనిక పుట్టకముందే పోయిండు. దోస్తులతోని అరుగు మీద ఆడుతుంటే నేను చాయ్ ఇచ్చి లోపటికి పోయేదాన్ని. ఒక్కనాడు బోర్డు దిక్కు చూడలే. ఒంటె అనే మాట చెవుల వడి ఉండొచ్చు, ఒప్పుకుంట. ఎత్తులు యాడికెళ్లి వచ్చినయి?

నాకు తెల్వదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మ. కాని మబ్బు పట్టిన మధ్యాహ్నం ఇంట్ల ఎవ్వరు లేకుంటే, అద్దాలు తీసి పక్కన పెట్టి ఆ జిరాక్సు పట్టుకొని కూసుంట. అక్షరాలన్ని అలుక్కపోయే ఉంటయి. అయినా కొంతసేపు అట్లనే చూస్తుంట.