హీలియం కోసం రెండు ట్రాక్టరు బ్యాటరీలు

మొన్న మా కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థిని కంప్యూటరు మీద ఏదో నొక్కగానే, ఎలక్ట్రాన్లు హీలియం పరమాణువులను ఢీకొట్టే ప్రయోగం తాలూకు గీత తెర మీద చక్కగా పైకెక్కి, ఇరవై ఓల్టుల దగ్గర చటుక్కున కిందికి దిగింది. ఆ పిల్ల ఆవులిస్తూ రెండో ప్రయోగానికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

తొంభైల చివర్లో నేను ఒంగోలులో ఎమ్మెస్సీ చదివాను. అద్దంకి పక్క పల్లెలో మిరప రైతు కూతురిని, మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటిదాన్ని. మా మాస్టారు నాకు ఈ ప్రయోగాన్నే ప్రాజెక్టుగా ఇచ్చారు. గాజుగొట్టంలో కాస్త హీలియం నింపి, అందులోకి ఎలక్ట్రాన్లను పంపుతూ ఓల్టేజీ పెంచుకుంటూ పోతే మీటరు ముల్లు పైకి ఎక్కుతూ ఉంటుంది. ఎలక్ట్రానుకు తగినంత ఊపు రాగానే, అది ఢీకొన్న పరమాణువుకు తన శక్తినంతా ధారపోసి చతికిలబడుతుంది, ముల్లు వెనక్కి పడుతుంది. బయటినుంచి వచ్చే పరీక్షకుడికి ఆ పడటం చూపించాలి, లేకపోతే నా ఏడాది పోయినట్టే. అప్పటి కరెంటు సంగతి మన తరం వాళ్ళకు వేరే చెప్పాలా? ఓల్టేజీ ఊగిపోతుంటే ముల్లు పడకూడని చోటల్లా పడేది. మాస్టారు నేరమంతా చీమకుర్తి గ్రానైటు కోత మిషన్ల మీదికి నెట్టేసి కాఫీకి వెళ్ళిపోయేవారు.

పరీక్ష దగ్గరపడ్డాక ఇంటికి వెళ్ళి, కంచం ముందు కూర్చుని ఏడ్చేశాను. నాన్న ప్రయోగం ఏమిటో ఓపిగ్గా అడిగి తెలుసుకుని, మజ్జిగన్నం కలుపుతూ, "అంటే తన రేటు వచ్చిందాకా ఆ హీలియం బేరానికి రాదు. వచ్చిందా, ఉన్నదంతా ఊడ్చుకుపోద్ది. అంతేగా?" అన్నారు. ఏడుపులోనే నవ్వొచ్చింది. నిలకడైన ఓల్టేజీకి బ్యాటరీలు కావాలనీ, ల్యాబులో ఉన్నవి చచ్చిపోయాయనీ చెప్పగానే, మా ట్రాక్టరుది తీసిస్తానన్నారు నాన్న. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, పైన మబ్బు పట్టి ఉంది, ట్రాక్టరు కదలకపోతే కాయలు ఎట్టా తోలతావయ్యా అని అమ్మ గదిమింది. "బండైతే తోస్తే కదులుద్ది. పోయిన సంవత్సరం ఎంత తోసినా రాదు" అని నాన్న చెయ్యి కడుక్కుని లేచి, మా బ్యాటరీ ఊడదీసి, బాబాయిని బతిమాలి ఆయనదీ పట్టుకొచ్చారు.

పరీక్ష రోజున రెండింటినీ మిరప గోతాల్లో చుట్టి బస్సులో తెచ్చారు. మిరప ఘాటు మా ఇంటివాళ్ళకు మామూలు గాలి కిందే లెక్క కాబట్టి ఇద్దరికీ తట్టనే లేదు, పరీక్షకుడి ఎదుటే గోతాలు విప్పి దులిపాం. ఇక చూడండి, ల్యాబంతా తుమ్ములే. మాస్టారు బల్ల పట్టుకుని తుమ్ముతున్నారు, పరీక్షకుడు రుమాలు అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు కారుస్తున్నారు. నా పని అయిపోయిందనుకుంటూనే తీగలు కలిపి ఓల్టేజీ పెంచాను. ముల్లు నిదానంగా ఎక్కింది, ఇరవై దగ్గర కాస్త తటపటాయించి వెనక్కి పడింది. తగ్గించి మళ్ళీ పెంచాను. మళ్ళీ అక్కడే పడింది.

పరీక్షకుడు కళ్ళు తుడుచుకుంటూ, గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డ నాన్నను లోపలికి పిలిచారు. నాన్న వంగి, నేను పెంచుతుంటే ఆ ముల్లునే చూస్తూ, అది పడగానే "బేరం తెగిందమ్మా" అన్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఆ సాయంత్రం మా ఊళ్ళో వాన పడింది. తోలకుండా ఉండిపోయిన కాయలు సగం తడిసి రంగు పోయాయని చాలాకాలానికి అమ్మ చెబితే తెలిసింది. నాన్న ఆ మాట ఎన్నడూ నా దగ్గర ఎత్తలేదు.

ఇప్పుడు మా ల్యాబులో కరెంటు పోదు, గీత తప్పదు. సంతోషమే, ఆ బెంగ ఏ పిల్లకూ వద్దు. కానీ ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, తన బిడ్డ ఏం కనిపెట్టిందో చూద్దామని ల్యాబు గుమ్మం దాకా వచ్చిన తండ్రి మళ్ళీ ఒక్కరూ నాకు కనపడలేదు.