నవలాకారుడి భార్య

మా ఆయన వనపర్తి గ్రంథాలయానికి కార్యదర్శి. ఆ పదవి వల్ల ఆయనకు ఒరిగిందేమిటో తెలియదు కానీ, నాకు మాత్రం ఒక గొప్ప హక్కు దక్కింది. మద్రాసు నుంచి వచ్చిన పుస్తకాల పార్సెలు బీరువాలోకి పోయే ముందు మా ఇంట్లో దిగేది. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు పుటల అంచులు కోయకుండానే వచ్చేవి. కూరగాయల కత్తి కడిగి తుడుచుకుని, ఒక్కొక్క మడతా కోసుకుంటూ చదివేదాన్ని. ఊళ్ళో నాకంటే ముందు ఇంకెవరైనా ఒక పుట చదివారంటే నాకు ఒళ్ళు మండేది.

అన్ని పుస్తకాల విషయంలో కాదు, ఒక్క రచయిత విషయంలో. ఆయన మొదట రాసిన నవలలు నావి. కొన్నది గ్రంథాలయమే అయినా నావే. వాటిలో వాన కోసం ఎదురుచూసే చెలకలుండేవి, పొద్దున్నే కలుపుకు పోయే ఆడవాళ్ళు, వాళ్ళ తిట్లు, వాళ్ళ నవ్వులు ఉండేవి. ఒక నవలలో అప్పుడప్పుడే వంట నేర్చుకుంటున్న పిల్ల పెనం మీద పొంగిన జొన్నరొట్టెను గుడ్డతో అదుముతుంది. ఆవిరి తగిలి వేలు కాలుతుంది. తల్లి చూస్తే తిడుతుందని ఆ వేలు నోట్లో పెట్టుకుని, కారం రుచి చూస్తున్నట్టు నటిస్తుంది. అది చదివి పుస్తకం మూసేశాను. ఈ మగమనిషికి ఈ సంగతి ఎట్లా తెలిసింది? మా వంటింటి మూల నక్కి చూశాడా? అప్పటినుంచి ఆయన మా పుట్టింటి గద్వాల వైపు మనిషేనని తీర్మానించుకున్నాను.

తర్వాత ఏమైందో, ఆ నవలల్లోకి సముద్రం వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక అమ్మాయి. ఆమెకు పని లేదు, ఆకలి లేదు. నిట్టూరుస్తుంది, కాఫీ తాగుతుంది, మళ్ళీ నిట్టూరుస్తుంది. తర్వాతి నవలలోనూ ఆమే, పేరూ చీరా మార్చుకుని వచ్చింది. ఆమె గురించి చదువుతుంటే సవతిని చూసినట్టుండేది నాకు. మా వీధిలో వకీలు గారి భార్యకు మాత్రం ఆ పిల్లంటే ప్రాణం. "ఇప్పుడు ఎంత నాజూకుగ రాస్తుండో చూడు. మొదట్ల రాసినయి మొరటుగ ఉండె" అన్నదొకసారి. మొరటట! ఆ ఏడు ఆమె పేరంటానికి పిలిస్తే తలనొప్పి అని చెప్పి వెళ్ళలేదు.

అట్లా ఉండగా గ్రంథాలయ వార్షికోత్సవానికి ఆ రచయితే వస్తున్నాడని, భోజనం మా ఇంట్లోనేనని మా ఆయన చెప్పాడు. సభలో ఆడవాళ్ళం తెర వెనక కూర్చోవలసిందే, నోరెత్తే వీలుండదు. కానీ మా ఇంట్లో, నేను వడ్డిస్తున్నప్పుడు ఒక్క మాట అనగలను కదా! మళ్ళీ మా గురించి రాయమని అడుగుతాను. ఆ సముద్రం పిల్లను వదిలేయమంటాను. అంతకంటే నాకేమీ వద్దు.

మా వైపు ఇంట్లో రోజూ తినేది జొన్నలే అయినా, చుట్టం వస్తే వరి అన్నం వండాలి. చుట్టం విస్తట్లో రొట్టె వేయడమంటే అవమానించడమే. నేను మాత్రం రొట్టెలే చేస్తానన్నాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? మద్రాసు నుంచి వచ్చేటోనికి జొన్నరొట్టె పెడ్తవా? నలుగురు ఇంటే మన ఇజ్జత్ ఏం గావాలె?" అన్నది మా అత్త.

"ఆయన మనసొంటోడే అత్తా. రొట్టె జూస్తే పానం లేసొస్తది" అన్నాను.

నా మాట నమ్మక, ఆమె అన్నం కూడా వండించింది.

రైలు స్టేషను నుంచి వచ్చిన మోటారులోంచి రచయితతో పాటు ఆయన భార్య కూడా దిగింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. పట్టుచీర, చేతిలో తోలుసంచి. ఓహో, సముద్రం ఒడ్డు పిల్ల ఈమేనన్నమాట అనుకున్నాను. వయసు కొంచెం మళ్ళింది, అంతే. ఆ చీర కన్నా, ఆయన పక్కన ఆమె నడిచి వచ్చిన తీరు నన్ను ఎక్కువ మండించింది.

విస్తట్లో మొదట రొట్టె వేసి, పుంటికూర, వెన్న పెట్టాను. రచయిత రొట్టెను రెండు చేతులతో పట్టుకుని కాగితం చించినట్టు చించాడు. ఉత్త ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "బాగుందమ్మా. మాది కాలువ కింది ఊరు, చిన్నప్పటి నుంచీ వరి అన్నమే అలవాటు. కాస్త అన్నం ఉంటే వడ్డించండి" అన్నాడు. అత్త నన్ను కళ్ళతోనే కాల్చేసింది. అడగాలనుకున్న మాట అడగకుండానే అన్నం గిన్నె కోసం లోపలికి వెళ్ళాను. అలవాటు లేదా? మరి ఆ వేలు కాలిన పిల్ల ఎక్కడిది?

మగవాళ్ళు సభకు వెళ్ళాక రచయిత భార్యకు వంటింట్లో పీట వేశాను. ఈమెకూ అన్నమే కదా అని గిన్నె తెచ్చేలోపల, ఆమె రొట్టెల బుట్ట తన వైపు లాక్కుంది. ఒక్క చేత్తోనే తుంచి, పుంటికూర అద్దుకుని తినసాగింది.

"ఎన్నేండ్లాయె చెల్లె గిసొంటి రొట్టె తినక! మాది గద్వాల దిక్కు మానవపాడు. పొద్దున రైలు మా ఊర్ల ఆగింది. దిగి మా అమ్మను జూసి రేపొస్తనంటె, ఈయన వద్దన్నడు."

"అయితె అక్కా, ఆ నవలల వేలు కాలిన పిల్ల..."

"గది నేనే" అని నవ్వింది. "పెండ్లైన కొత్తల కర్నూల్ల ఉంటిమి. పొద్దుమూకితె నా పక్కన కూసోని, ఇంక జెప్పు, ఇంక జెప్పు అంటుండె. మా అమ్మ తిట్లు, మా చెలుక, నేను ఏడ్సినయి, నగినయి, అన్ని అడిగి అడిగి రాసిండు."

"మరి ఇప్పుడెందుకు చెప్తలేవు?" అన్నాను. నాకు రావలసిన పుస్తకాలన్నీ ఆమె కొంగున కట్టుకుని కూర్చున్నట్టు కోపం వచ్చింది.

"నేను జెప్పకేం? ఆయన అడుగుతలేడు. నేను నోరు తెరిస్తె, ఇదెప్పుడు ఆపుతదా అన్నట్టు చూస్తడు" అని ఇంకో రొట్టె తీసుకుంది.

సభలో తెర వెనక ఆమె పక్కనే కూర్చున్నాను. మెట్ట పల్లెల బతుకును దగ్గరుండి గమనించి రాశానని రచయిత చెబుతున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జాలిపడవలసిన చోట నాకు మళ్ళీ అసూయే పుట్టింది. ఇన్నాళ్ళూ కొత్త నవలల పిల్ల మీద కుళ్ళుకున్నాను, ఇప్పుడు పాత నవలల పిల్ల మీద. ఎంత లేదన్నా, ఒకప్పుడు ఒక మగవాడు పనులన్నీ మానుకుని ఆమె మాట విన్నాడు.

వాళ్ళను సాగనంపి మా ఆయన సంబరంగా ఇంటికి వచ్చాడు. జనం ఎంతమంది వచ్చారో, ఎవరెవరు మెచ్చుకున్నారో చెబుతూ అన్నం తింటున్నాడు. అంతా విన్నాను. ఆయన ఆగినప్పుడు, "నీకో మాట జెప్పాలె. ఆ నవలలు మొదట్ల..." అని ఎత్తుకున్నాను.

"ఊఁ. జర మజ్జిగ పొయ్యి" అన్నాడు.