గిన్నెలో పెరుగన్నం

2006 జనవరిలో నన్ను మిషిగన్‌లోని నోవై ప్రాంతానికి వేశారు. కౌంటీ ఆరోగ్య శాఖలో హోటళ్ళ తనిఖీ నా పని, హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్. ఒకే రోడ్డు మీద మెక్సికన్, గ్రీకు, థాయ్, జపనీస్, చైనీస్ బఫే, మూడు పిజ్జా దుకాణాలు. ఏ వంటింట్లో ఏం ఉడుకుతోందో నాకు తెలుసు. ఒక్కచోటా తిన్నది లేదు. మా పరిధిలోని హోటల్లో టీ చుక్క కూడా ముట్టకూడదని రూలు. మధ్యాహ్నం కారులో హీటర్ వేసుకుని, బయట మంచు చూస్తూ, డబ్బాలో తెచ్చుకున్న ఉప్మా తినేవాణ్ణి. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ ఉప్మా నాకే నచ్చేది కాదు.

ఆ ఏడాదే పద్మజ అనే తెలుగావిడ టిఫిన్ సెంటర్ తెరిచింది. మొదటి తనిఖీలో ఫ్రిజ్ చల్లదనం చాల్లేదని రాశాను. బాగుచేయించి, పది రోజుల తర్వాత తిరుగు తనిఖీలో నెగ్గితేనే పూర్తి లైసెన్సు. ఆవిడేమో, "ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నయ్యా?" అని అడిగింది. నేనేనన్నాను. ఆ ఊళ్ళో నన్ను అన్నయ్యా అని పిలిచింది ఆవిడొక్కతే. తిరుగు తనిఖీ ఎప్పుడొస్తుందా అని సిగ్గులేకుండా ఎదురుచూశాను.

ఆ రోజు ఫ్రిజ్ భేషుగ్గా ఉంది. గట్టు చివర మాత్రం మూతపెట్టిన స్టీలు గిన్నె. అందులో పెరుగన్నం, ఇంగువ తాలింపు, పైన దానిమ్మ గింజలు. అలవాటుగా థర్మామీటర్ గుచ్చాను. డెబ్బై డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే గది వేడే. చల్లటి పదార్థం నలభై ఒకటి దాటకూడదు. దాటి నాలుగు గంటలైతే ఇన్‌స్పెక్టర్ కళ్ళెదుటే పారేయాలి. ఎప్పుడు కలిపారని అడిగాను.

"పొద్దున ఎనిమిదింటికి. అమ్మడానికి కాదన్నయ్యా, మీకోసం తీసిపెట్టా. ఫ్రిజ్‌లో పెడితే రుచి చచ్చిపోతుంది కదా!"

అప్పటికి రెండు దాటింది. కిచెన్‌లో ఉన్నదేదైనా లెక్కలోకే వస్తుందని చెప్పి, ఫారంలో రాశాను. ఆవిడ గిన్నెను చెత్తబుట్టలో బోర్లించింది. నా ప్రాణం ఉసూరుమంది. అక్కడికక్కడే సరిదిద్దిన తప్పు కనుక లైసెన్సు ఆగలేదు. కాగితం అందుకుంటూ, "థాంక్యూ సార్," అంది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో ఏ తనిఖీలోనూ మళ్ళీ అన్నయ్యా అనలేదు.

2014లో రిటైరయ్యాను. ఇక రూలు అడ్డులేదు కనుక మర్నాడే వెళ్ళి పెరుగన్నం ఆర్డర్ చేశాను. ఫ్రిజ్‌లోంచి తెచ్చారు. పళ్ళు జివ్వుమన్నాయి. "ఇంకేమైనా కావాలా సార్?" అంది పద్మజ.

నేను రాసింది తప్పు కాదు. ఇవాళైనా అదే రాస్తాను. కానీ ఫారం మీద సంతకం పెట్టాక, "నాకోసం తీసిపెట్టావు, సంతోషమమ్మా" అనడానికి ఏ రూలూ అడ్డు రాదు. ఆ రోజు నాకది తోచలేదు.